కన్ను చూస్తుందా, మనిషి చూస్తాడా? – ‘కితాబుల్ మనాజిర్’ను మనం చదువుతున్న తీరుపై ఒక విమర్శ

ముస్లిం శాస్త్రవేత్తల సేవలను గురించి ఏ పత్రికలో వ్యాసం వచ్చినా అందులో ఇబ్నుల్ హైసమ్‌కు నాలుగు వాక్యాలు తప్పక ఉంటాయి. సుమారు 965లో బస్రాలో పుట్టి, సుమారు 1040లో కైరోలో కన్నుమూశాడని ఒక వాక్యం. కంటి నుండి కిరణాలు వెలువడి వస్తువులను తాకుతాయన్న గ్రీకుల భావనను ఖండించి, వస్తువు నుండి వెలుగే కంటిలోకి వస్తుందని చెప్పాడని రెండవది. కెమెరాకు ఆద్యుడు ఆయనే అన్నది మూడవది. యూరపు ఆయన వద్దనే కళ్లు తెరవడం నేర్చుకుందన్నది నాల్గవది. 2015ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ కాంతి సంవత్సరంగా జరిపినప్పుడు ఈ నాలుగు వాక్యాలే ప్రపంచమంతటా మరింత విస్తారంగా ప్రచారమయ్యాయి.

ఈ వాక్యాలన్నీ అబద్ధాలని మా అభిప్రాయం కాదు. ఏడు మఖాలాల మహాగ్రంథం నుండి మన గర్వానికి పనికివచ్చే దానిని ఏరుకుని, మన అవసరానికి పనికివచ్చే దానిని వదిలివేశామన్నదే మా ఫిర్యాదు. ఆ వదిలిన భాగం చిన్నదేమీ కాదు. మనిషి ఒక వస్తువును చూసి “తెలుసుకున్నాను” అన్నప్పుడు అసలు జరిగినదేమిటన్న ప్రశ్న అందులో ఉంది.

మొదట కెమెరా సంగతి. చీకటి గదిలోకి చిన్న రంధ్రం గుండా వచ్చిన వెలుగు ఎదుటి గోడపై తలక్రిందుల బొమ్మను వేస్తుందన్న సంగతి ఇబ్నుల్ హైసమ్‌కు ఎన్నో శతాబ్దాల ముందే చైనాలోని మోజీ సంప్రదాయం వారికి తెలుసు. అరిస్టాటిల్ పేర చెలామణి అయిన ‘సమస్యలు’ గ్రంథంలోనూ దాని ఛాయ ఉన్నది. ఇబ్నుల్ హైసమ్ చేసిన పని వేరు. సూర్యగ్రహణపు బొమ్మను గూర్చి రాసిన ‘మఖాలా ఫీ సూరతిల్ కుసూఫ్’లో, రంధ్రపు పరిమాణానికీ బొమ్మ ఆకారానికీ గల సంబంధాన్ని గణితంతో విచారించాడు. అది గొప్ప పనే. అయితే కన్ను కూడా అటువంటి సూదిబెజ్జం పెట్టె అని ఆయన ఎక్కడా అనలేదు. అనడానికి వీలులేదు కూడా. ఎందుకంటే పెట్టెలో బొమ్మ తలక్రిందులవుతుంది, మనకేమో లోకం నిటారుగానే కనిపిస్తోంది. అందుచేత ఆయన కంటి మధ్యనున్న స్ఫటిక భాగమే – నేడు మనం కటకం అనేదే – వెలుగును గ్రహించే అంగమని భావించాడు. దానిపై లంబంగా పడే కిరణాలే లెక్కకు వస్తాయనీ, వస్తురూపం తలక్రిందులు కాకుండానే దృక్‌నాడి గుండా మెదడు వైపు సాగిపోతుందనీ ఆయన ప్రతిపాదన. ఇది పొరపాటు. బొమ్మ కటకం వెనుకనున్న రెటీనాపై తలక్రిందులుగా పడుతుందని 1604లో కెప్లర్ నిరూపించాడు. కాబట్టి ఇబ్నుల్ హైసమ్‌ను కెమెరాకు ఆద్యుడని పొగిడేవారు, ఆయన చేయని పనికి కిరీటం పెట్టి, చేసిన పనిని మరుగుపరుస్తున్నారు.

(ఆయన జీవితకథ విషయంలోనూ ఇదే వరస. ఖలీఫా హాకిమ్ ఆగ్రహానికి భయపడి పిచ్చివాడిగా నటించి నిర్బంధంలో గడిపాడని ఆయన తర్వాత రెండు శతాబ్దాలకు ఇబ్నుల్ ఖిఫ్తీ రాశాడు. ఆ నిర్బంధపు గదికి ఒక రంధ్రం కల్పించి, అందులోంచి వచ్చిన వెలుగును చూసే ఈ గ్రంథమంతా రాశాడని చెప్పేవారున్నారు. ఖిఫ్తీ కథనంలో ఆ రంధ్రం లేదు.)

ఇక ఆయన చేసిన పని ఏమిటి? దానికి రెండవ మఖాలా తెరవాలి. కంటికి గోచరించే లక్షణాలు ఇరవై రెండని ఆయన లెక్క: వెలుగు, రంగు, దూరం, స్థితి, ఘనత, ఆకారం, పరిమాణం, సంఖ్య, చలనం, నిశ్చలత, గరుకుదనం, నునుపుదనం, నీడ, అందం, వికారం, పోలిక, భేదం మొదలైనవి. వీటిలో కేవలం ఇంద్రియస్పర్శతో తెలిసేవి రెండే – వెలుగు, రంగు. మిగిలిన ఇరవై కన్ను తెచ్చి ఇచ్చేవి కావు. లోపలి వివేచనాశక్తి, అనగా తమ్యీజ్, తీర్పు చెప్పి తెలుసుకునేవి. ఎదుటి మనిషి పదడుగుల దూరంలో ఉన్నాడని మనం చూడడం లేదు, నిర్ణయిస్తున్నాము. ఆయన పొడుగరి అని చూడడం లేదు, దూరాన్నీ కంటివద్ద ఏర్పడిన కోణాన్నీ కలిపి లెక్కకడుతున్నాము.

ఈ లెక్కకట్టే పనికి ఆయన పెట్టిన పేరు ఖియాస్. మన పాఠకులకు ఈ మాట ఫిఖహ్ ద్వారా సుపరిచితం: స్పష్టమైన ఆదేశమున్న విషయంతో పోల్చి, ఆదేశంలేని విషయంలో నిర్ణయానికి రావడం. చూపులో జరిగేది కూడా ఈ తరహా పనే అంటున్నాడు ఈ గణితవేత్త. తెలిసినదానితో పోల్చి తెలియనిదానిపై తీర్పు. కాగా, ఒకసారి తీర్పు అయిన వస్తువు మళ్లీ ఎదురైనప్పుడు పూర్తి విచారణ అక్కరలేదు. ఒకటి రెండు గుర్తులతోనే తెలిసిపోతుంది. దీనిని ఆయన మారిఫత్ అన్నాడు. సూఫీ గ్రంథాలలోని మారిఫత్ కాదిది; వట్టి గుర్తుపట్టడం. దీనికి ఆయన ఇచ్చిన ఉదాహరణ చక్కనిది. చదువువచ్చినవాని ఎదుట కాగితంపై ‘అబ్జద్’ అన్న మాట ఉంటే అతడు అక్షరాలను ఒక్కొక్కటిగా విచారించడు; చూపు పడగానే మాట తెలిసిపోతుంది. చదువు నేర్చుకుంటున్న పిల్లవానికి అదే మాట నాలుగు గీతల సమూహం. కాగితం ఒకటే, వెలుగు ఒకటే, కళ్లు నాలుగూ ఆరోగ్యంగా ఉన్నవే. ఇద్దరూ చూసినది మాత్రం ఒకటి కాదు.

మరి మనం ఇన్ని తీర్పులు చెబుతున్నట్లు మనకే ఎందుకు తెలియదు? ఇక్కడే ఆయన సూక్ష్మబుద్ధి కనబడుతుంది. తీర్పు ఎంత వేగంగా, ఎంత అలవాటుగా జరుగుతుందంటే, తీర్పు చెబుతున్నామన్న స్పృహ కలగడానికి మరొక తీర్పు కావాలి. దానికి మనకు వ్యవధి ఉండదు. చిన్నబిడ్డకు రెండు పండ్లు చూపి, వాటిలో ఒకటి అందమైనదైతే బిడ్డ దానినే అందుకుంటుంది. పోల్చకుండా ఎన్నుకోవడం అసాధ్యం. అయినా ఆ బిడ్డకు పోలిక అంటే ఏమిటో తెలియదు, తాను పోల్చినట్లూ తెలియదు. గిరగిర తిరుగుతున్న రంగుల బొంగరం ఉదాహరణ ఇటువంటిదే: పలురంగుల గీతలున్నా తిరిగేటప్పుడు కలగలిసిన ఒకే రంగు కనబడుతుంది. కాబట్టి రంగును గ్రహించడానికి సైతం కొంత కాలం పడుతుంది. క్షణంలో జరిగినట్లు తోచేది క్షణంలో జరగలేదు.

1867 నాటికి పూర్తయిన తన దృష్టిశాస్త్ర గ్రంథంలో జర్మను శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ ‘తెలియకుండా జరిగే అనుమానప్రమాణం’ అన్న భావాన్ని ప్రతిపాదించినప్పుడు అది కొత్త మాటగా వినిపించింది. ఎనిమిది శతాబ్దాల ముందు అరబీలో అదే ప్రశ్నకు అదే దిశలో సమాధానం ఉన్నదని మనం చెప్పవచ్చు, చెప్పాలి కూడా. ఇక్కడ మాత్రం ఒక హెచ్చరిక అవసరం. “నేటి మెదడుశాస్త్రమంతా మన గ్రంథాలలో ఉన్నదే” అని కేకలు వేయడానికి దీనిని వాడుకోకూడదు. ఇబ్నుల్ హైసమ్‌కు నాడీకణం తెలియదు. రెండు కళ్ల నుండి వచ్చిన రూపాలు దృక్‌నాడులు కలిసేచోట ఏకమై, మెదడు ముందుభాగంలోని ‘ఆఖరి గ్రాహకుని’ చేరుతాయన్న ఆయన చిత్రం గాలెన్ శరీరశాస్త్రం నుండి తెచ్చుకున్నది. నేడు తెలిసినది వేరు: ఒక్కొక్క కంటి రెటీనాలో వెలుగును గ్రహించే కణాలు సుమారు పన్నెండు కోట్లు కాగా, మెదడుకు పోయే దృక్‌నాడిలోని పోగులు సుమారు పదిలక్షలు. అంటే కంటిలోనే వడపోత మొదలవుతున్నది. మెదడుకు చేరేది ఫొటో కాదు, సంక్షిప్త నివేదిక. దాని నుండి లోకాన్ని మళ్లీ అల్లేది మెదడు.

అల్లిక నేర్చుకోవలసినదే అనడానికి మన దేశం నుండే సాక్ష్యం వచ్చింది. పుట్టుకతో చూపులేక, ఎనిమిది నుండి పదిహేడేళ్ల వయసులో శస్త్రచికిత్సతో చూపు వచ్చిన ఐదుగురిని ‘ప్రాజెక్ట్ ప్రకాశ్’ శాస్త్రజ్ఞులు పరీక్షించి 2011లో ఫలితాలు ప్రకటించారు. చేతితో తడిమి తెలుసుకున్న వస్తువును, కట్టు విప్పిన వెంటనే కంటితో పోల్చుకోమంటే వారు దాదాపు ఊహించి చెప్పిన స్థాయిలోనే ఉన్నారు. కొద్దిరోజులకే ఆ సామర్థ్యం పెరిగింది. కన్ను పనిచేయడం ఒకటి, చూడడం మరొకటి. పదిహేడవ శతాబ్దం చివర మాలినో అనే ఐరిష్ పండితుడు లాక్‌కు వేసిన ప్రశ్నకు ఇన్నాళ్లకు లభించిన సమాధానమిది. కితాబుల్ మనాజిర్ రెండవ మఖాలా చదివినవారికి ఇందులో ఆశ్చర్యపడవలసినది తక్కువ.

ఈ గ్రంథం యూరపుకు చేరిన తీరు కూడా ప్రస్తావించాలి. పన్నెండవ శతాబ్దం చివరనో పదమూడవ శతాబ్దం మొదటనో ఇది లాటిన్‌లోకి వెళ్లింది. రిస్నర్ అనే పండితుడు 1572లో బాసెల్ నగరంలో దానిని అచ్చువేశాడు. కెప్లర్ చదివినది ఆ పాఠమే. కాని లాటిన్ ప్రతిలో మొదటి మఖాలాకు చెందిన మొదటి మూడు అధ్యాయాలు లేవు. ఈ విచారణ ఎలా సాగాలి, ఎక్కడ ఆగాలి, తన తీర్పును తానే ఎలా అనుమానించుకోవాలి అన్న పద్ధతిని చర్చించిన పీఠిక ఆ లోపించిన భాగంలోనే ఉంది. యూరపు ఫలితాలను తీసుకుంది. వాటిని రాబట్టిన పద్ధతికి రచయిత రాసుకున్న సంజాయిషీ మాత్రం దానికి దొరకలేదు. అరబీ మూలం చేతిలో ఉన్న మనకు ఆ సాకు కూడా లేదు.

ఇబ్నుల్ హైసమ్ చనిపోయిన సుమారు రెండు దశాబ్దాలకు, 1058లో జన్మించిన ఇమామ్ గజాలీ (రహ్మలై) ‘అల్ మున్‌ఖిజ్’లో ఇదే చూపు సమస్యతో తలపడ్డారు. నీడ నిలిచి ఉన్నట్లు కనబడుతుంది, గంట తర్వాత చూస్తే కదిలిందని తెలుస్తుంది. నక్షత్రం దీనారు నాణెమంత కనబడుతుంది, గణితమేమో అది భూమికంటే పెద్దదంటుంది. ఇంద్రియాలు చెప్పినదానిని బుద్ధి వచ్చి అబద్ధమని తేల్చింది. అలాగే బుద్ధి చెప్పినదానిని అబద్ధమని తేల్చే మరొక న్యాయమూర్తి రాడని ఏమిటి నమ్మకం? ఈ సందేహం ఆయనను సుమారు రెండు నెలలు పట్టి పీడించింది. వాదన వలన గాక, అల్లాహ్ తన హృదయంలో వేసిన వెలుగు వలననే దాని నుండి బయటపడ్డానని వారే రాసుకున్నారు. ఇబ్నుల్ హైసమ్‌ను విజ్ఞానపక్షాననూ, ఇమామ్ గజాలీని దానికి ఎదుటి పక్షాననూ నిలబెట్టడం కొందరు ఆధునికులకు పరిపాటి. మాకది అర్థరహితంగా తోస్తుంది. ఇంద్రియానుభవం తనంత తాను జ్ఞానం కాదు, దానిపై ఒక తీర్పరి ఉన్నాడన్నంతవరకు ఇద్దరిదీ ఒకే మాట. తీర్పరిని ఎవరు పరీక్షించాలన్న చోట దారులు చీలాయి. ఒకరు కొలబద్ద పట్టుకుని మళ్లీ మళ్లీ కొలిచి చూడమన్నాడు. ఆ పరీక్షకు ఆయన వాడిన మాట ఇఅతిబార్. మరొకరు కొలబద్దకే ఆధారమేమిటని అడిగారు.

కితాబుల్ మనాజిర్‌లో మాకు బలహీనంగా తోచిన చోటు కూడా చెప్పాలి. మూడవ మఖాలా చూపులోని పొరపాట్లను గూర్చినది. చూపు సరిగా ఉండాలంటే ఎనిమిది షరతులు – దూరం, ఎదురుగా ఉండే స్థితి, వెలుగు, పరిమాణం, వస్తువు చిక్కదనం, గాలి స్వచ్ఛత, తగిన కాలం, కంటి ఆరోగ్యం – మితంలో ఉండాలి. ఏది మితం తప్పినా పొరపాటు జరుగుతుంది. పద్ధతిగా చేసిన గొప్ప విభజన ఇది. కాని దీని వెనుక ఒక ధీమా ఉంది: షరతులన్నీ కుదిరితే చూపు నిజమే చెబుతుందన్న ధీమా. 1660వ దశకంలో ఫ్రెంచివాడు మారియోట్ కనుగొన్న అంధబిందువు ఈ ధీమాను దెబ్బతీస్తుంది. దృక్‌నాడి రెటీనాను దాటే చోట గ్రాహక కణాలు లేవు. ప్రతి కంటికీ అక్కడ ఒక ఖాళీ ఉంది. ఒక కన్ను మూసుకున్నా మనకు లోకంలో చిల్లు కనబడదు. మెదడు చుట్టుపక్కలవాటితో దానిని పూడ్చివేస్తుంది. ఎనిమిది షరతులూ కుదిరినా, కన్ను నూటికి నూరుపాళ్లు ఆరోగ్యంగా ఉన్నా ఈ కల్పన ఆగదు. పొరపాటు అనేది చూపుకు అప్పుడప్పుడు వచ్చే జబ్బు కాదు. చూపును నడిపించే యంత్రాంగమే దానినీ పుట్టిస్తున్నది. ఏడవ మఖాలాలో ఉదయాస్తమయాల వేళ చంద్రబింబం పెద్దదిగా కనబడడాన్ని విచారించి, అది ప్రధానంగా మన దూరపు అంచనాలోని పొరపాటేనని ఆయనే తేల్చాడు. ఈ కారణం తెలిసిన తర్వాత కూడా చంద్రుడు మనకు పెద్దగానే కనబడతాడు! చంద్రుని దూరం మితం దాటినదే కదా అని ఆయన సమాధానం చెప్పగలడు. అంధబిందువుకు మాత్రం ఆ సమాధానం చాలదు.

చంద్రుని మాట వచ్చింది కనుక, ముస్లిం సమాజం మొత్తం ఏడాదికి కొన్నిసార్లు కంటిచూపుపై తన ఇబాదత్‌ను ఆధారం చేసుకునే సందర్భానికి వద్దాం. రంజాను నెలవంక. ఇబ్ను ఖల్లికాన్ ఉల్లేఖించిన ప్రసిద్ధ కథనమొకటి ఉన్నది. జనం నెలవంక కోసం చూస్తుండగా, దాదాపు నూరేళ్ల వయసుగల హజ్రత్ అనస్ బిన్ మాలిక్ (రజి) “అదుగో” అని చూపారు. ఎవరికీ కనబడలేదు. బస్రా ఖాజీ ఇయాస్ బిన్ ముఆవియా పరికించి చూసి, ఆయన కనుబొమ నుండి ఒక వెంట్రుక వంగి కంటికి అడ్డుగా ఉన్నదని గ్రహించాడు. దానిని మెల్లగా సవరించి, నెలవంక ఎక్కడో మళ్లీ చూపమన్నాడు. కనబడడం లేదన్నారు హజ్రత్ అనస్. ఖాజీ ఆ మహనీయుని సత్యసంధతను శంకించలేదు. అబద్ధమాడేవాడు కాదన్న నమ్మకంతో సరిపెట్టుకోనూ లేదు. సాక్షి నిజాయితీ ఒకటి, సాక్షి కంటికీ ఆకాశానికీ మధ్యనున్నది మరొకటి అని వేరుచేశాడు. మూడవ మఖాలాకు ఇంతకంటె మంచి వ్యాఖ్య మాకు తెలియదు.

ఇప్పుడా మధ్యనున్నది వెంట్రుక కాదు. సూర్యునికీ చంద్రునికీ మధ్య కోణం సుమారు ఏడు డిగ్రీలకు తగ్గితే నెలవంక కనబడదని ఫ్రెంచి ఖగోళవేత్త దాంజోన్ 1930వ దశకంలో పరిమితి చెప్పాడు. 2013 జూలై 8న ఫ్రాన్సుకు చెందిన తియెరీ లెగో, సరిగ్గా అమావాస్య క్షణంలో, పట్టపగలు, సూర్యునికి కేవలం 4.4 డిగ్రీల దూరంలోని నెలవంకను ఫొటోలో పట్టాడు. మనిషి కన్ను ఆ చోటివైపు చూస్తే గుడ్డిదవుతుంది. పరారుణ కాంతిలో తీసిన అనేక చిత్రాలను కలిపి, ఆకాశపు వెలుగును తీసివేసి, గణితం ముందే చూపిన చోట వెతికితే ఆ సన్నని గీత తేలింది. దీనిని ‘రుయ్యత్’ అనవచ్చునా? షరీఅత్ తీర్పు ఉలమాల పని, అందులో మేము తలదూర్చము. జ్ఞానవిచారణగా మాత్రం ఒకటి చెప్పగలము: ఇక్కడ చూసినది కన్ను కాదు, లెక్క. ఏయే మెట్లు దాటి గీత తేలిందో లెగో దాచలేదు గనుక ఇతరులు పరీక్షించవచ్చు. వెంట్రుక ఎక్కడుందో ఇక్కడ తెలుసు.

మన జేబులోని ఫోను సంగతి అలా కాదు. 2023లో ఒక ప్రసిద్ధ కంపెనీ ఫోను తీసే చంద్రుని బొమ్మలపై వివాదం లేచింది. ఒక వినియోగదారుడు కావాలనే మసకబారించిన చంద్రుని బొమ్మను కంప్యూటరు తెరపై పెట్టి ఆ ఫోనుతో ఫొటో తీశాడు. మసకబొమ్మలో లేని గుంటలు, మచ్చలు ఫొటోలో స్పష్టంగా వచ్చాయి. చంద్రుడని గుర్తుపట్టగానే వివరాలకు మెరుగులు దిద్దేలా తర్ఫీదు ఇవ్వబడిన వ్యవస్థ అందులో ఉన్నదని కంపెనీయే వివరించింది. ఇబ్నుల్ హైసమ్ భాషలో చెబితే ఆ యంత్రం వెలుగును గ్రహించి ఆగలేదు. మారిఫత్ కూడా తానే చేసివేసింది. ‘అబ్జద్’లో రెండక్షరాలు చూసి మాట పూర్తిచేసిన పాఠకునిలా, చంద్రుని తానే పూర్తిచేసింది. కన్ను కెమెరా వంటిదని నూరేళ్లుగా పాఠ్యపుస్తకాలు చెప్పాయి. చివరకు కెమెరానే కన్నువంటిదైంది, దాని దుర్గుణంతో సహా. మన కంటి తీర్పు మనకే తెలియనట్లు దాని తీర్పూ మనకు తెలియదు. ఒక తేడా ఉన్నది. మన అలవాట్లు మన జీవితం నుండి వచ్చాయి. దాని అలవాట్లు ఎవరో ఎక్కడో ఎంచి ఇచ్చిన బొమ్మల నుండి వచ్చాయి.

నేడు లేని మనిషిని, ఆడని మాటను సైతం యంత్రం కల్పించి చూపుతున్నది. తగాదాల్లో, పంచాయితీల్లో, న్యాయస్థానాల్లో ఫొటోను తిరుగులేని సాక్షిగా ముందుకు నెడుతున్న రోజులివి. మన ముహద్దిసీన్‌లు రావీ సత్యసంధుడా అని అడిగి ఊరుకోలేదు. అతని జబ్త్ ఎటువంటిది, విన్నది విన్నట్లు నిలుపుకోగలడా, ముసలితనంలో జ్ఞాపకం కలగాపులగమైందా అని కూడా అడిగారు. రావీ నిజాయితీపరుడైనా జబ్త్ లోపిస్తే రివాయత్ బలహీనమే. ఈ రెండవ ప్రశ్నను ఫొటోకు వేసేవారు మనలో ఎందరు? “ఫొటోనే ఉంది కదా” అనడం, నూరేళ్ల వృద్ధుని వేలు వెంట చూసి “అదుగో” అని అందరూ తలూపడం వంటిది. ఇయాస్ అలా తలూపలేదు.

ఇక గ్రంథం మాట. కితాబుల్ మనాజిర్ అరబీ మూలంలో మొదటి మూడు మఖాలాలు అచ్చయినది 1983లో, కువైటులో, సబ్రా పరిష్కరణలో. వాటి ఇంగ్లీషు అనువాదం 1989లో వచ్చింది. అంతకు చాలా ముందే, 1928–30 మధ్య, ఈ గ్రంథంపై కమాలుద్దీన్ ఫార్సీ రాసిన ‘తన్‌ఖీహుల్ మనాజిర్’ రెండు సంపుటాలుగా అచ్చయింది. అచ్చువేసినది కైరో కాదు, ఇస్తాంబుల్ కాదు; 1888లో హైదరాబాదులో నెలకొన్న దాయిరతుల్ మఆరిఫ్. ఇబ్నుల్ హైసమ్ చిన్న రచనల సంపుటిని కూడా ఆ సంస్థే తర్వాత ప్రచురించింది. అరబీ మూలం అచ్చుకు నోచుకోని దశాబ్దాలలో లోకంలోని పండితులకు చేరువలో ఉన్నది ఈ హైదరాబాదు ప్రతి. కమాలుద్దీన్ వట్టి వ్యాఖ్యాత కాదు. నీటితో నింపిన గాజుగోళాన్ని చీకటి గదిలో పెట్టి ఇంద్రధనుస్సు పుట్టుకను వివరించినవాడు, గురువు పొరపాటనిపించిన చోట కాదన్నవాడు. ఎవరైనా దీనిని తెలుగులోకి తేవాలని సంకల్పిస్తే, కిరణాల జ్యామితితో మొదలుపెట్టవద్దని మా మనవి. ముందు రెండవ మఖాలాలోని గ్రహణవిధానపు అధ్యాయం, తర్వాత మూడవ మఖాలా. ఆ రెండింటికీ ముందు, లాటిన్‌కు దక్కని ఆ మూడు అధ్యాయాలు.